పొగలో ఏముందో ఎట్లా తెలుసుద్ది? మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఎవరో అడిగారని సిగరెట్ పొగ గురించి రెండు ముక్కలు రాశానో లేదో, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే, అందుకని ఈసారి కాలమ్ మొత్తం పొగకే ఇచ్చేశాం. మానెయ్యమని చెప్పడానికి డాక్టర్లున్నారు, ఇంట్లోవాళ్ళున్నారు, నేను చెప్పేది కెమిస్ట్రీ వరకే.

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థి, ఒంగోలు): పొగాకులో 7 వేల రసాయనాలున్నాయని అందరూ రాస్తారు సార్. ఒక్క ఆకులో అన్ని విషాలు ఎట్లా ఉంటాయి? మా నాన్న పొగాకు కాపే, చిన్నప్పట్నుంచీ ఆకు పట్టుకున్నోళ్ళమే, మాకేం కాలేదే?

జవాబు: ఆ 7 వేలు ఆకు లెక్క కాదు బాబూ, పొగ లెక్క. 2010లో అమెరికా సర్జన్ జనరల్ రిపోర్ట్‌లో పొగలో 7 వేలకి పైగా అని ఇచ్చారు, వాటిల్లో ఓ 70 దాకా కేన్సర్ తెచ్చేవి. ఆకులో నికోటిన్ ఉంటది, మట్టిలోంచి లాక్కున్న కాడ్మియం లాంటి లోహాలు ఉంటాయి, ఆరబెట్టేటప్పుడు పుట్టే నైట్రోసమైన్లు ఉంటాయి, వాటి సంగతి కింద కందుకూరు రైతుకి చెప్తున్నా చూడు. మిగతాదంతా చాలావరకు చక్కెరలు, సెల్యులోజ్, పెక్టిన్, ప్రోటీన్లు, అంటే ఏ చెట్టాకులో అయినా ఉండే సరుకే. బెంజీన్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్, ఇవి చేలో పండేవి కావు, నిప్పు తయారుచేస్తది వీటిని.

ఎట్లా అంటే, దమ్ము లాగినప్పుడు సిగరెట్ కొన ఎర్రగా అవుద్ది కదా, అక్కడ వేడి 900 డిగ్రీల దాకా పోద్ది, ఆ మంటకి ఆక్సిజన్ అంతా ఖర్చయిపోయి నిప్పు లోపల దాదాపు ఏమీ మిగలదు. దాని వెనకాలే ఇంకా అంటుకోని పొగాకు ఉంటది, అక్కడ 200 నుంచి 600 డిగ్రీలు, నిప్పులోంచి వచ్చే వేడి గ్యాసులు దాని మీదుగానే మన నోటికి వస్తాయి, కానీ వాటిల్లో ఆక్సిజన్ లేదు కాబట్టి ఆకు పూర్తిగా కాలదు, ఆ వేడికి అణువులు విరిగి ముక్కలైపోతాయి. పైరాలిసిస్ అంటారు దీన్ని, మీ సిలబస్‌లో ఉండే ఉంటది. పూర్తిగా కాలితే వచ్చేది కార్బన్ డయాక్సైడూ నీళ్ళే, ఈ సగం సగం కాలడంలోనే వస్తది గొడవంతా.

ఇప్పుడు ఏది దేన్నుంచి వస్తదో చూడు. చక్కెరలూ సెల్యులోజూ విరిగితే ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్. పొగాకు ఎండిపోకుండా సిగరెట్ కంపెనీలు గ్లిసరిన్ కలుపుతాయి, అది వేడికి నీళ్ళు పోగొట్టుకుని అక్రోలిన్ అవుద్ది, బూరెల మూకుట్లో నూనె మాడిపోతే కళ్ళు మండించే ఘాటు ఉంటదే, అదే అక్రోలిన్, పోలిక కాదు, అచ్చం అదే పదార్థం. ప్రోటీన్ల నుంచి హైడ్రోజన్ సయనైడ్, అమోనియా. ఆకులో ఉన్న నైట్రేట్ నుంచి నైట్రోజన్ ఆక్సైడ్లు. నిప్పులో పుట్టిన కార్బన్ డయాక్సైడ్ కణకణలాడే బొగ్గు మీదుగా పోయేటప్పుడు ఇంకో కార్బన్‌ని కలుపుకుని రెండు కార్బన్ మోనాక్సైడ్లు అవుద్ది, ఇది కాక నేరుగా పుట్టేది వేరే ఉంది.

అన్నిట్లోకీ పేరుమోసింది బెంజో ఎ పైరీన్. విరిగిన చిన్న చిన్న ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంగరాలు అవుతాయి, ఉంగరాలు అతుక్కుని ఐదు ఉంగరాల అణువు అవుద్ది, దీనికి పొగాకే అక్కర్లేదు, కార్బన్ ఉన్న ఏ పదార్థాన్ని సగం కాల్చినా వస్తది, దీన్ని మొదట వేరుచేసింది కూడా 1930ల్లో బొగ్గు తారులోంచే. ఒక సిగరెట్ పొగలో ఉండేది ఓ 10 నానోగ్రాములు, అంటే గ్రాముని వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో పది ముక్కలు అంతే, అయినా 1996లో సైన్స్ పత్రికలో వచ్చిన పనిలో ఇది శరీరంలో మారాక పీ53 అనే, కేన్సర్ రాకుండా కాపు కాసే జీన్‌లో సరిగ్గా ఎక్కడ అతుక్కుంటదో చూస్తే, ఊపిరితిత్తుల కేన్సర్ గడ్డల్లో ఆ జీన్ ఎక్కడ ఎక్కువగా దెబ్బతిని ఉంటదో అక్కడే అతుక్కుంటోంది. అంతకు ముందు 1953లోనే విండర్, గ్రాహం అనే ఇద్దరు సిగరెట్ పొగని చల్లబరిచి వచ్చిన తారుని ఎలకల వీపు మీద పూస్తే 44 శాతం ఎలకలకి కేన్సర్ వచ్చింది. అప్పటికి తారులో ఏ పదార్థం ఎంత పని చేసిందో తెలీదు, తారు చేసిందని మాత్రం తెలిసింది.

మీకేం కాలేదే అన్నావు, తడి ఆకు రెలిచేటప్పుడు (కోసేటప్పుడు) కొత్త కూలీలకి కడుపులో తిప్పడం, వాంతులు ఎప్పుడైనా చూశావా? అది నికోటిన్ చర్మంలోంచి ఎక్కి వచ్చేది, గ్రీన్ టొబాకో సిక్‌నెస్ అని పేరు కూడా ఉంది. ఆకు పూర్తిగా సాధుజీవి ఏం కాదు, నిప్పుతో పోలిస్తే మాత్రం మంచిదే.

ప్రశ్న (ఫార్మా కంపెనీ క్యూసీ ఉద్యోగి, హైదరాబాద్): రోజూ హెచ్‌పీఎల్‌సీ, జీసీ (కలగలిసిన పదార్థాల్ని విడదీసి కొలిచే మెషిన్లు) మీదే పని సార్ మాది. టాబ్లెట్ అయితే పొడి చేసి కరిగిస్తాం, పొగని వైల్‌లోకి ఎట్లా ఎక్కిస్తారు? ఎవరితోనైనా తాగిస్తారా?

జవాబు: మెషిన్ తాగుద్దండీ. నవ్వులాట కాదు, 20 సిగరెట్లు వరసగా గుచ్చుకుని తాగే మెషిన్లున్నాయి. ముందు సిగరెట్లని 22 డిగ్రీలు, 60 శాతం తేమలో కనీసం 48 గంటలు ఉంచుతారు, ఎండిపోయింది ఒకలాగా నెమ్మెక్కింది ఒకలాగా కాలుద్ది కాబట్టి. తర్వాత ఐఎస్ఓ పద్ధతిలో నిమిషానికి ఒక దమ్ము, దమ్ముకి 35 మిల్లీలీటర్లు, రెండు సెకన్లు లాగడం, పీక ఇంత మిగిలే దాకా అని గీత.

పొగ అంటే కంటికి ఒకటే గానీ అందులో రెండున్నాయి, తేలే బిందువులు, గ్యాసులు. కేంబ్రిడ్జ్ ప్యాడ్ అని గ్లాస్ ఫైబర్ బిళ్ళ ఒకటి అడ్డం పెడతారు, బిందువులు దాదాపు మొత్తం దానికి పట్టుకుంటాయి, గ్యాసు అవతలికి పోద్ది. ప్యాడ్‌ని ముందు తూచి తర్వాత తూచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో షేక్ చేసి జీసీలో నికోటిన్ ఎంత, నీళ్ళెంత అని కొలుస్తారు, మొత్తం బరువులోంచి ఆ రెండూ తీసేయగా మిగిలిందే తారు. ఒకప్పుడు విదేశీ ప్యాకెట్ల మీద అచ్చేసిన మిల్లీగ్రాముల తారు అంతా ఈ తీసివేత లెక్కే, అందులో ఏముందో ఆ అంకె చెప్పదు.

ఏముందో కావాలంటే ఒక్కోదానికి ఒక్కో వల వెయ్యాలి. కార్బన్ మోనాక్సైడ్ తేలిక, అవతలికి పోయిన గ్యాసుని సంచిలో పట్టి ఇన్‌ఫ్రారెడ్ వేస్తే సరి. ఆల్డిహైడ్లు మొండివి, రియాక్టివ్, నిలవ ఉండవు, అందుకని పొగని నేరుగా డీఎన్‌పీహెచ్ అనే రసాయనం ద్రావణంలోకి బుడగలుగా పంపిస్తారు, అది వాటిని అక్కడికక్కడే పట్టుకుని హైడ్రజోన్ చేసేస్తది, పసుపు నారింజ రంగుల్లో ఉంటాయి, యూవీలో బ్రహ్మాండంగా కనిపిస్తాయి, ఇక ఆ తర్వాత మీ హెచ్‌పీఎల్‌సీ. బెంజీన్, బ్యూటడయీన్ లాంటి ఆవిరి సరుకుకి బాగా చల్లబరిచిన మెథనాల్ ట్రాప్, జీసీఎమ్మెస్ (జీసీకి అణువుల బరువు చూసే మాస్ స్పెక్ తగిలించింది). నైట్రోసమైన్లకి ప్యాడ్‌నే కడిగి ఎల్‌సీఎమ్మెస్ఎమ్మెస్ (ఇది హెచ్‌పీఎల్‌సీకి మాస్ స్పెక్ తగిలించింది), బెంజో ఎ పైరీన్‌కి శుభ్రం చేసే కాలమ్ దాటించి జీసీఎమ్మెస్.

నానోగ్రాముల్లో ఉన్నదాన్ని ఇన్ని వేల పదార్థాల మధ్య నమ్మకంగా ఎట్లా కొలుస్తారంటారా, శాంపిల్‌లో ముందే అదే అణువుని డ్యుటీరియం (బరువు ఎక్కువున్న హైడ్రోజన్) పెట్టి చేసినది తెలిసినంత కలుపుతారు, ఎక్‌స్ట్రాక్షన్‌లో సగం పోతే రెండూ సగమే పోతాయి, మాస్ స్పెక్‌లో బరువు తేడా వల్ల విడివిడిగా కనిపిస్తాయి, నిష్పత్తి చూస్తే చాలు. ఇదొక్కటి లేకపోతే ఈ రంగంలో అంకెలన్నీ గాల్లో లెక్కలే అని నా అభిప్రాయం. మెషిన్ సరిగా తాగుతోందా అని చూడ్డానికి కెంటకీ యూనివర్సిటీ వాళ్ళు 1960ల నుంచి రిఫరెన్స్ సిగరెట్లని ప్రత్యేకంగా తయారుచేయిస్తున్నారు, మీ రిఫరెన్స్ స్టాండర్డ్ లాగానే.

అన్నీ కొలవడం ఎవరి తరమూ కాదు కాబట్టి 2008లో డబ్ల్యూహెచ్‌వో నిపుణుల బృందం ముందు తగ్గించాల్సినవి అని తొమ్మిది ఏరింది: ఎన్‌ఎన్‌ఎన్, ఎన్‌ఎన్‌కే (ఈ రెండూ నైట్రోసమైన్లే), అసిటాల్డిహైడ్, అక్రోలిన్, ఫార్మాల్డిహైడ్, బెంజీన్, బ్యూటడయీన్, బెంజో ఎ పైరీన్, కార్బన్ మోనాక్సైడ్. మన దేశంలో 2019లో నోయిడా, ముంబై, గువాహటిలో జాతీయ పొగాకు పరీక్షా ల్యాబులు పెట్టారు. మీకు ఉద్యోగం మారే ఆలోచన ఉంటే చూసుకోండి మరి.

ప్రశ్న (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్): అన్నా, నేను ఎప్పట్నుంచో లైట్స్ తాగేవాణ్ణి, ఇక్కడ ఆ పేరు తీసేసి గోల్డ్, సిల్వర్ అని అమ్ముతున్నారు. తారు తక్కువ అయితే నష్టం కూడా తక్కువే కదా?

జవాబు: పైన మెషిన్ గురించి చెప్పానే, ఆ మెషిన్ తాగితే తక్కువే తమ్ముడూ. లైట్ సిగరెట్‌లో పొగాకు పెద్ద తేడా ఏం ఉండదు, ఫిల్టర్ చుట్టూ కంటికి ఆనని చిల్లులుంటాయి, లాగినప్పుడు వాటిల్లోంచి బయటి గాలి వచ్చి పొగని పలచన చేస్తది, మెషిన్ నోటికి వేళ్ళు లేవు పెదాలు లేవు కాబట్టి ఆ చిల్లులు మూసుకోవు. నువ్వు పట్టుకునేది సరిగ్గా అక్కడే. పైగా నీ ఒంటికి కావాల్సింది నికోటిన్, తక్కువొస్తే నీకు తెలీకుండానే గట్టిగా లాగుతావు, ఎక్కువసార్లు లాగుతావు, లోపల ఎక్కువసేపు ఉంచుతావు.

కెనడా వాళ్ళు దీన్ని చూసి పద్ధతే మార్చారు, దమ్ముకి 55 మిల్లీలీటర్లు, అరనిమిషానికొకటి, చిల్లులకి టేప్ వేసెయ్యడం. అట్లా కొలిస్తే లైటుకీ మామూలుదానికీ ఉన్న దూరం చాలా మటుకు పోద్ది. మీ అమెరికాలో ట్రేడ్ కమిషన్ 1967 నుంచి నడిపిన పాత మెషిన్ పద్ధతికి 2008లో మద్దతు తీసేసింది, 2010లో లైట్, మైల్డ్ అన్న మాటలే నిషేధించారు, రంగులు వచ్చింది అందుకే. కంపెనీలకి ఈ సంగతి జనం కన్నా చాలా ముందే తెలుసు, అది కోర్టుల్లోనే బయటపడింది. 40 ఏళ్ళు ఒక అంకె చూపించి జనాన్ని మాయ చేశారంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుద్ది.

ప్రశ్న (రైతు, కందుకూరు): పొగాకులో నైట్రోసమైన్లు ఎక్కువుంటే విదేశీ కొనుగోలుదారులు ఒప్పుకోరంటున్నారు. అవి మా బ్యారన్లో (ఆకు ఆరబెట్టే గదిలో) పుడతాయా, మందులు కొట్టడం వల్లా?

జవాబు: పురుగుమందులు వేరే గొడవ, ఇవి ఆరబెట్టడంలో పుట్టేవి. ఆకులో నికోటిన్, నార్‌నికోటిన్ ఉంటాయి, వాటికి నైట్రోజన్ ఆక్సైడో నైట్రైటో తగిలితే ఎన్‌ఎన్‌కే, ఎన్‌ఎన్‌ఎన్ వస్తాయి, రెండూ కేన్సర్ తెస్తాయని తేలిపోయినవే. పొగాకులో తప్ప ఇంకెక్కడా పెద్దగా దొరకవు, ఆ లెక్కన ఇవి పొగాకు వేలిముద్రలు.

ఈ విషయంలో మీ బ్యారన్ చాలా నయమండీ. మన దగ్గర పొయ్యిలో కట్టెలు కాలతాయి, వేడి గొట్టాల్లో తిరుగుద్ది, పొగ చిమ్నీలోంచి పోద్ది, ఆకుకి తగిలేది వేడి ఒక్కటే. అమెరికాలో గొట్టాలు ఎందుకని 1970ల నుంచి గ్యాస్ మంటని నేరుగా బ్యారన్లోకే వదిలారు, ఖర్చు కలిసొచ్చింది, ఆకు రంగూ బాగుంది, ఎవరూ పట్టించుకోలేదు, 2000 ఆ చుట్టుపక్కల తేలిందేంటంటే మంటలో పుట్టిన నైట్రోజన్ ఆక్సైడ్లు తిన్నగా ఆకు మీదికి పోయి నైట్రోసమైన్లు చేస్తున్నాయని. మళ్ళీ హీట్ ఎక్స్ఛేంజర్లు బిగించారు, అంటే మన గొట్టాల పద్ధతికే వచ్చారు, అప్పుడు బాగా తగ్గినయ్.

కాబట్టి మీరు చూసుకోవాల్సింది గొట్టాలు. తుప్పుపట్టి చిల్లులు పడితే, అతుకులు వదిలితే పొగ లోపలికి వస్తది, సీజన్ ముందే ఒకసారి మంట పెట్టి చూసుకోండి. నత్రజని మోతాదు మించి వెయ్యొద్దు, ఆకులో నైట్రేట్ పెరుగుద్ది. చెమ్మ ఉన్న ఆకుని మండె వేసి రోజుల తరబడి వదలొద్దు, బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ని నైట్రైట్ చేసేస్తది. గాలికి ఆరబెట్టే బర్లీ రకం పొగాకులో ఈ బాధ ఎక్కువ ఉండేది అందుకే. వివరంగా కావాలంటే రాజమండ్రిలో 1947లో పొగాకు పరిశోధన సంస్థగా పెట్టింది ఉండనే ఉంది, ఈమధ్య పేరు మారింది, వాళ్ళని అడగండి, నాకన్నా బాగా చెప్తారు.

ఇంకోటి, ఖైనీ, జర్దా తినేవాళ్ళు మేం కాల్చట్లేదుగా అంటారు, ఈ నైట్రోసమైన్లకి నిప్పు అక్కర్లేదని మీకిప్పుడు తెలిసిందిగా, వాళ్ళకి చెప్పండి.

ప్రశ్న (బీడీ కార్మికురాలు, నిజామాబాద్ జిల్లా): బీడీలో కాగితం లేదు, మందు కలపరు, తునికాకు అడివిలదే. సిగరెట్ కంటే బీడీ మంచిదని మా వాడకట్టులో అందరంటరు. నిజమేనా అన్నా?

జవాబు: కాదమ్మా. నిప్పుకి తునికాకైనా కాగితమైనా ఒక్కటే. పైగా తునికాకులోంచి గాలి సరిగ్గా ఆడదు, అందుకే బీడీ ఊరికే ఆరిపోతది, ఆరిపోకుండా మాటిమాటికీ లాగాలి, ఫిల్టర్ లేదు. లోపల పొగాకు సిగరెట్‌లో కన్నా తక్కువే పడ్డా పొగలో నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్‌కి ఏమీ తగ్గవు, కొలిచినవాళ్ళకి చాలాసార్లు ఎక్కువే కనిపించినయ్. బీడీలు చుట్టే మీకు పొగ కన్నా దుమ్ముతో బాధ, చేట మీద వంగి కూర్చుంటారు కాబట్టి నేరుగా ముక్కులోకే పోతది, గాలి ఆడే చోట కూర్చోండి, తంబాకు ఇంట్ల పిల్లలు పడుకునే చోట పెట్టకండి.

ప్రశ్న (గృహిణి, విజయవాడ): మావారు బాల్కనీలోనే తాగుతారండీ, ఇంట్లో తాగట్లేదు కదా అంటారు. మా బాబుకి మూడేళ్ళు. వాడి ఒంట్లోకి వెళ్తోందో లేదో తెలుసుకునే టెస్ట్ ఉందా?

జవాబు: ఉందమ్మా. నికోటిన్ ఒంట్లో రెండు గంటలకి సగం అయిపోద్ది, అది మారి కొటినిన్ అవుద్ది, దానికి సగం కావడానికి 16 గంటల పైనే పడుద్ది, కాబట్టి రెండు మూడు రోజుల కింద పీల్చింది కూడా ఉమ్ములోనో మూత్రంలోనో దొరుకుద్ది. వంకాయలో కూడా కాస్త నికోటిన్ ఉంటదని వాదించేవాళ్ళుంటారు, నిజమే, కానీ అది లెక్కలోకి రానంత. ఇంకా గట్టి రుజువు కావాలంటే ఎన్‌ఎన్‌ఏఎల్ అని ఉంది, పైన రైతుకి చెప్పిన ఎన్‌ఎన్‌కే ఒంట్లో మారి వచ్చేది, వారాల తరబడి మూత్రంలో కనిపిస్తది, అయితే అది పరిశోధన ల్యాబుల్లోనే ఎక్కువ.

దమ్ముకీ దమ్ముకీ మధ్య సిగరెట్ దానంతటది రగులుతూ వదిలే పొగ ఉంటది చూడండి, ఇంట్లోవాళ్ళు పీల్చేది ఎక్కువగా అదే. అది వేడి తక్కువలో, ఫిల్టర్ లేకుండా వచ్చింది, చాలా రసాయనాలు అందులోనే ఎక్కువ. 1981లో జపాన్‌లో హిరయామా అనే ఆయన సిగరెట్ ముట్టని ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి చూసి, భర్త ఎంత ఎక్కువ తాగితే భార్యకి ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు అంత పెరుగుతోందని చూపించాడు. బాల్కనీ ఇంట్లో తాగడం కన్నా మేలే, కాదనను, కానీ తలుపు సందుల్లోంచి వస్తది, ఆఖరి దమ్ము ఊపిరితో పాటే లోపలికి వస్తది, చొక్కాకి అంటుకుని వస్తది. ఆ అంటుకున్న నికోటిన్ కూడా ఊరుకోదు, గ్యాస్ స్టవ్ మంట నుంచి నైట్రస్ ఆసిడ్ అనే ఆవిరి వస్తది, గోడలకీ కర్టెన్లకీ పట్టిన నికోటిన్ దానితో కలిసి నైట్రోసమైన్లు అవుతాయని 2010లో బర్క్‌లీ ల్యాబ్ వాళ్ళు చూపించారు. లోపలికి రాగానే చొక్కా మార్చుకుని, చేతులు కడుక్కుని అప్పుడు బాబుని ఎత్తుకోమనండి. దానికీ విసుక్కుంటే ఈ పేజీ చింపి ఫ్రిజ్ మీద అంటించండి.

ప్రశ్న (పేరు రాయలేదు, తెనాలి): సిగరెట్‌లో రేడియేషన్ ఉందని వాట్సాప్‌లో వచ్చింది. పుకారేనా?

జవాబు: వాట్సాప్‌లో వచ్చినా నిజమే. పొలోనియం 210. 1964లోనే బయటపెట్టారు. గాల్లో ఉండే రేడాన్ విరిగి వచ్చిన సీసం, పొలోనియం పొగాకు ఆకు మీదున్న జిగట నూగుకి అంటుకుంటాయి, ఫాస్ఫేట్ ఎరువుల నుంచి కూడా కొంత వస్తది. సిగరెట్ కాలే వేడికి పొలోనియం ఆవిరై పొగతో లోపలికి పోద్ది. పరిమాణం చాలా తక్కువ, కానీ రోజూ, ఏళ్ళ తరబడి, ఊపిరితిత్తుల్లో ఒకే చోట పేరుకుంటది.

ప్రశ్న (టీచర్, శ్రీకాకుళం జిల్లా): మా నాయనమ్మ అడ్డచుట్ట తాగుతాది, నిప్పు నోట్లో పెట్టుకుని. డెబ్భై దాటింది, బాగానే ఉన్నాను కదా అంటాది. నోట్లో తెల్లగా ఏదో ఉందని ఈమధ్య చూశాను.

జవాబు: ఆ తెల్లదాన్ని ఈ వారంలోనే డెంటిస్ట్‌కో ఈఎన్‌టీకో చూపించండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మీ జిల్లాలో, విశాఖ తీరంలో ఈ అలవాటు ఎక్కువగా ఆడవాళ్ళలోనే. చుట్ట తొందరగా అయిపోదని, గాలికి ఆరదని చెప్తారు. కెమిస్ట్రీగా చూస్తే, పైన ఒంగోలు కుర్రాడికి చెప్పిన ఆ మొత్తం కొలిమి ఈవిడ నోట్లోనే నడుస్తోంది, పొగ చల్లారే దూరం లేదు, వేడి తిన్నగా అంగిలికి తగులుద్ది, దమ్ముల మధ్య రగిలే పొగ కూడా బయటికి పోకుండా నోట్లోనే ఉంటది. మిగతా ప్రపంచంలో గట్టి అంగిలికి కేన్సర్ రావడం చాలా అరుదు, మీ ప్రాంతంలో కాదు, అందుకే 1960ల నుంచీ విశాఖ డాక్టర్లు, విదేశీ పరిశోధకులు వచ్చి మరీ మీ ఊళ్ళల్లో అంగిళ్ళు చూశారు. అంగిలి తెల్లగా మందం కావడం, మధ్యలో ఎర్ర చుక్కలు తేలడం చాలామందిలో ఉంటది, అన్నీ కేన్సర్ కావు. మానని పుండు, గట్టిపడిన చోటు, ఎర్రగా మెత్తగా అయిన చోటు ఉంటే డాక్టర్ చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపిస్తారు, భయపడొద్దని నాయనమ్మకి ముందే చెప్పి తీసుకెళ్ళండి. నొప్పి లేదు కదా అని ఆవిడ అంటాది, మొదట్లో నొప్పి ఉండదు.